వెన్నులో స్టిమ్యులేటర్‌తో పురుడు: ముందుగా కలవవలసింది మత్తు డాక్టర్‌ని

స్టిమ్యులేటర్ అంటే తగ్గని నొప్పిని అణచడానికి వెన్నుపాము దగ్గరికి సన్నని కరెంటు పంపే చిన్న మిషన్. అది వెన్నులో ఉన్న గర్భిణి ఏ గైనకాలజిస్టుకూ రోజూ ఎదురయ్యే రోగి కాదు. గుంటూరు బ్రాడీపేటలోనూ అంతే, విజయవాడ సూర్యారావుపేటలోనూ అంతే. నేను కలిసిన డాక్టర్లలో కొందరు దాని గురించి చదవడమే తప్ప చూడలేదని దాచకుండా చెప్పారు. అలా చెప్పినవారి మీదే నాకు నమ్మకం కుదిరింది. "ఏమీ ఫరవాలేదమ్మా, అప్పటికి చూసుకుందాం" అన్నవారికి నమస్కారం పెట్టి లేచి వచ్చేశాను. అప్పటికి చూసుకోవడమంటే, అర్ధరాత్రి నొప్పులు ముదిరాక ఎక్కడినుంచో పరుగున వచ్చిన మత్తు డాక్టర్ సూది చేత పట్టుకుని "వీపు మీద ఈ మచ్చలేమిటి?" అని అడగడం. ఆ పరిస్థితి రాకుండా ఏం చేసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్‌ని కాను. గుంటూరులో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. నడుము డిస్కు ఆపరేషన్ అయ్యాక కూడా కుడికాలిలో మంట తగ్గకపోవడంతో హైదరాబాదులో స్టిమ్యులేటర్ పెట్టించుకున్నాను. పుట్టిల్లు విజయవాడ సత్యనారాయణపురం, పురుడు అక్కడే. ఇందులో రాసినదాన్ని మీ డాక్టర్ల ముందు కూర్చుని అడగవలసిన విషయాల పట్టీగా వాడుకోండి. మందులు మార్చడం, మిషన్ ఆపడం వంటివి ఇది చదివి మీ అంతట మీరు చేయకండి.

మీ వెన్ను బొమ్మ మీరే గీసుకోండి

పాఠం చెప్పే అలవాటు కొద్దీ బొమ్మతో మొదలుపెడతాను. తెల్లకాగితం మీద వెన్నెముక గీయండి. ఛాతీ వెనక భాగంలో ఎముకలు పన్నెండు, టి1 నుంచి టి12 వరకు. వాటి కింద నడుములో ఐదు, ఎల్1 నుంచి ఎల్5 వరకు. ఆ కింద త్రికాస్థి, అంటే ఎస్ అక్షరంతో రాసేది. నడుముకూ కాళ్ళకూ పెట్టిన స్టిమ్యులేటర్ అయితే లీడ్ల, అంటే కరెంటు మోసే సన్నని తీగల, కొసలు సాధారణంగా టి8, టి9, టి10 ప్రాంతంలో ఉంటాయి. కానీ వాటిని లోపలికి పంపింది అక్కడినుంచి కాదు. నడుము పైభాగంలో, ఎల్1, ఎల్2 దగ్గరో కొంచెం అటూ ఇటుగానో సూది గుచ్చి పైకి తోస్తారు. అక్కడే చర్మం కింద లీడ్లను కుట్టు వేసి బిగించి, లాగినా ఊడకుండా వైరును చుట్టగా వదులుతారు. అక్కడినుంచి వైరు చర్మం కిందుగా పక్కకు వెళ్ళి బ్యాటరీకి కలుస్తుంది. బ్యాటరీ పిరుదు పైభాగంలో ఉండవచ్చు, నడుము పక్కన ఉండవచ్చు, కొందరికి పొట్ట చర్మం కింద ఉంటుంది.

బొమ్మలో ఇవన్నీ గుర్తు పెట్టండి: లీడ్లు ఏ సందులోంచి లోపలికి వెళ్ళాయి, మచ్చ ఎక్కడినుంచి ఎక్కడి వరకు ఉంది, వైరు కుడికి వెళ్ళిందా ఎడమకా, బ్యాటరీ ఎక్కడ. అంతకుముందు వెన్ను ఆపరేషన్ అయి ఉంటే అది ఏ ఎముకల మధ్యో కూడా. నా బొమ్మలో ఎల్1, ఎల్2 మధ్య లీడ్ల ప్రవేశం, ఎల్5, ఎస్1 మధ్య పాత డిస్కు ఆపరేషన్. పైన వైరు, కింద పాత మచ్చ. మత్తు సూదికి మిగిలింది మధ్యనున్న ఎల్3-ఎల్4, ఎల్4-ఎల్5 సందులు. ఈ ఒక్క వాక్యం చెప్పేసరికి విజయవాడలో నన్ను చూసిన మత్తు డాక్టర్‌గారు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు.

చిక్కంతా ఎక్కడుందంటే, లీడ్లు పడుకుని ఉన్నది వెన్నుపాము పొరకు బయట ఉండే ఎపిడ్యూరల్ జాగాలో. పురిటి నొప్పులకు ఇచ్చే ఎపిడ్యూరల్ మందు వెళ్ళేదీ ఆ జాగాలోకే.

ఇది పురిటి నొప్పికి పనిచేస్తుందా?

మా పిన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "నీకేమమ్మా, వెన్నులో మిషన్ ఉంది, రిమోట్ నొక్కుకుంటే నొప్పి తెలియదు కదా!" అంది. తెలుస్తుంది. దాని మీద ఆశ పెట్టుకుని నొప్పి తగ్గించే ఏర్పాటు చేసుకోకుండా ఉండకండి.

1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారం వంటిది ఉంటుందని, స్పర్శను మోసే నరాలను ఉత్తేజపరిస్తే ఆ ద్వారం మూసుకుంటుందని ప్రతిపాదించారు. రెండేళ్ళకు, 1967లో, నార్మన్ షీలీ అనే అమెరికన్ న్యూరోసర్జన్ మొదటిసారి ఒక మనిషి వెన్నులో ఇలాంటి పరికరం అమర్చాడు. ఇవాళ దీన్ని వాడేది నరాల వల్ల వచ్చే దీర్ఘకాలపు నొప్పికి: వెన్ను ఆపరేషన్ తర్వాత కూడా తగ్గని కాలినొప్పి, సిఆర్‌పిఎస్ అనే మంటజబ్బు వంటివాటికి. మీ కాలికి సరిపోయేలా సర్దిన కరెంటు అది. పురిటి నొప్పి దారి వేరు. గర్భసంచి బిగుసుకునే నొప్పి టి10 నుంచి ఎల్1 వరకు ఉన్న నరాల మీదుగా వస్తుంది. బిడ్డ కిందికి దిగేటప్పటి నొప్పి ఎస్2 నుంచి ఎస్4 వరకు ఉన్న నరాల మీదుగా వస్తుంది. పైగా ప్రసవం వేళకు మిషన్‌ను ఎలాగూ ఆపి ఉంచుతారు.

గర్భం అనుకున్నప్పుడే చేయవలసినవి

వీలైతే గర్భం రాకముందే మిషన్ పెట్టిన ఆసుపత్రికి ఒకసారి వెళ్ళి రండి. ఎందుకంటే కొన్ని పనులు ఆ తర్వాత చేయలేం. లీడ్లు పెట్టడం, జరిగినవాటిని సరిచేయడం ఎక్స్‌రే వెలుగులో చేసే పని, గర్భంలో అది వద్దంటారు. వెన్ను ఎక్స్‌రే కూడా అంతే, తప్పనిసరి అయితే తప్ప తీయరు. కాబట్టి లీడ్లు ఎక్కడున్నాయో చూపించే ఫిల్ము, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముందే చేతిలో ఉండాలి. పెట్టిననాటి చిత్రాలు ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉంటే అడిగి తీసుకోండి. ఆపరేషన్ నోట్సు నకలు కూడా అడగండి. డిశ్చార్జి కాగితంలో "స్టిమ్యులేటర్ అమర్చాం" అని ఒక్క ముక్క ఉంటుంది, అది ఎవరికీ పనికిరాదు. ఏ సందులోంచి పంపారో రాసి ఉండేది ఆపరేషన్ నోట్సులోనే.

బ్యాటరీ పొట్ట మీద ఉన్నవారు ఇంకొంచెం ముందుగా మేలుకోవాలి. గర్భం పెరిగేకొద్దీ పొట్ట చర్మం సాగుతుంది, బ్యాటరీ ఉన్నచోట నొప్పి పుట్టవచ్చు, వైరు లాగబడి లీడ్ జరగవచ్చు. పిల్లల్ని కనే వయసులో ఉన్నవారికి పెట్టేటప్పుడే పిరుదు మీద పెట్టమని అడగడం మేలు. నాకు కుడి పిరుదు మీద పెట్టారు.

మరొక పని: డాక్టర్‌తో మాట్లాడి కొన్ని వారాలు మిషన్ ఆపి చూడండి. అది లేకుండా మీ నొప్పి ఎంతలో ఉంటుంది, పని చేసుకోగలరా, నిద్ర పడుతుందా అన్నది కడుపుతో ఉన్నప్పుడు కొత్తగా తెలుసుకోవడం కన్నా ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇక మందులు. స్టిమ్యులేటర్ ఉన్నవాళ్ళలో చాలామంది దాంతోపాటు ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, ట్రమడాల్ వంటివి కూడా వేసుకుంటారు. ప్రీగాబాలిన్‌ను మొదటి మూడు నెలల్లో వాడితే బిడ్డలో లోపాల ముప్పు స్వల్పంగా పెరగవచ్చని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. అలాగని నెల తప్పిన రోజే అన్నీ ఒక్కసారిగా మానేయకూడదు, ఈ మందులు హఠాత్తుగా ఆపితే ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. నెమ్మదిగా తగ్గించే లెక్క డాక్టర్ రాసివ్వాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు మందుల దుకాణంలో అడగగానే ఇచ్చేస్తారు, గర్భిణి అని కూడా చూడరు. 20 వారాల తర్వాత వాటివల్ల బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చని అమెరికా ఎఫ్‌డిఏ 2020లో ప్రకటించింది. చివరి నెలల్లో అయితే బిడ్డ గుండె దగ్గరి ఒక రక్తనాళం ముందుగానే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. నొప్పికి మొదట వాడేది పారసిటమాల్, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో, అవసరమైనన్నాళ్ళే.

ఆపాలా, ఉంచాలా?

తయారుచేసే కంపెనీల పుస్తకాలన్నీ ఒకే మాట రాస్తాయి: గర్భంలో దీని భద్రత నిర్ధారణ కాలేదు. దీనివల్ల బిడ్డకు కీడు జరిగిందని కాదు, పెద్ద ఎత్తున పరిశీలించినవారు లేరని దాని అర్థం. గర్భమంతా మిషన్ నడుపుకుని ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్ని కన్న తల్లుల వివరాలు వైద్యపత్రికల్లో వచ్చాయి. అవన్నీ ఒకరిద్దరి కథలో, చిన్న బృందాల కథలో. అందుకే ఎక్కువమంది డాక్టర్లు గర్భం నిర్ధారణ కాగానే ఆపమంటారు. ఆపితే నొప్పి భరించలేక మత్తు కలిగించే నొప్పి మాత్రలు పెంచవలసి వచ్చేవారికి మాత్రం, నడుపుకోవడమే తక్కువ హాని అని నిర్ణయించడమూ ఉంది.

మా అత్తయ్యగారికి అసలు భయం వేరు. "ఆ కరెంటు కడుపులో బిడ్డకు తగలదా?" అన్నారు. ఆమెకు నేను చెప్పింది ఇది. మిషన్ పంపేది మిల్లీఆంపియర్లలో చిన్న చిన్న దెబ్బలు. లీడ్ మీద కొన్ని మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మూడు ఎలక్ట్రోడ్ల మధ్యే అది ప్రవహిస్తుంది. దీపానికి దూరం వెళ్ళేకొద్దీ వెలుగు పలచబడినట్టే, లీడ్ నుంచి దూరం పోయేకొద్దీ దాని బలం చప్పున తగ్గిపోతుంది. ఆవిడ విని "అయినా ఆపెయ్యి" అన్నారు. నేను ఆపేశాను, ఆవిడ కోసం కాదు, నా డాక్టర్ కూడా అదే అన్నారు కాబట్టి.

ఆపి ఉంచిన నెలలు

ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మీది రీఛార్జి చేసుకునే బ్యాటరీ అయితే, మిషన్ ఆపినా బ్యాటరీ నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. పూర్తిగా అడుగంటిపోతే తిరిగి నడిపించడానికి కంపెనీ ఇంజినీరు రావాలి, కొన్ని రకాలు అసలు కోలుకోకపోవచ్చు కూడా. అంటే లక్షలు పోసి పెట్టించుకున్నదాన్ని కేవలం మరచిపోవడం వల్ల పోగొట్టుకోవడం. ఎంత వ్యవధికోసారి ఛార్జి పెట్టాలి, గర్భంలో పెట్టవచ్చా అని కంపెనీవారినీ డాక్టర్‌నీ అడిగి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. బ్యాటరీ పొట్ట మీద ఉన్నవారు ఈ ప్రశ్న తప్పక అడగాలి. ఛార్జర్ ఆనించినచోట చర్మం వేడెక్కుతుంది. మే నెలలో విజయవాడ ఎండకు అది ఇంకా చిరాకు, అందుకని తెల్లవారుజామున పెట్టుకునేదాన్ని. రీఛార్జి లేని రకానికి ఈ గొడవ లేదు.

నడుము నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్ళేవారు ఒక్కటి గట్టిగా పట్టుకోండి. ఒంట్లోకి వేడి పంపే షార్ట్‌వేవ్, మైక్రోవేవ్, చికిత్స కోసం పెట్టే అల్ట్రాసౌండ్, వీటన్నిటినీ కలిపి డయాథర్మీ అంటారు. స్టిమ్యులేటర్ ఉన్నవారికి ఇవి పూర్తిగా నిషిద్ధం, మిషన్ ఆపి ఉన్నా నిషిద్ధమే. ఆ శక్తిని లీడ్లు పట్టుకుని కొసల దగ్గర వేడెక్కి నరాలను కాల్చేయగలవు. లోపలికి వెళ్ళగానే అడక్కుండా మిషన్ పెట్టే అలవాటున్న క్లినిక్కులు మన ఊళ్ళలో తక్కువేమీ కావు. మంచం ఎక్కకముందే చెప్పండి. కడుపులో బిడ్డను చూసే స్కాను, టిఫ్ఫాతో సహా, ఇది కాదు. అవన్నీ నిక్షేపంగా చేయించుకోవచ్చు.

మిగతావి మామూలు సంగతులే: పక్కకు తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం, వంగి బరువెత్తకపోవడం, బ్యాటరీ మీద బిగుతుగా పడే బెల్టు వాడకపోవడం. స్టేషన్‌లోనో మాల్‌లోనో తనిఖీ ద్వారం దగ్గర మీ పరికరం కార్డు చూపించండి.

మత్తు డాక్టర్‌ని కలవడం

మన దగ్గర గర్భిణి నెలనెలా గైనకాలజిస్టును చూస్తుంది, మత్తు డాక్టర్ మొహం ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక చూస్తుంది. మీ విషయంలో ఈ వరస తిరగబడాలి. ఏడో నెల దాటకముందే, కాన్పు జరగబోయే ఆసుపత్రిలో మత్తు విభాగంవారితో కూర్చుని మాట్లాడాలి.

"జరగబోయే ఆసుపత్రిలో" అన్నమాట మీద నొక్కి చెబుతున్నాను. నెలనెలా పరీక్షలు అత్తగారి ఊళ్ళో, పురుడు పుట్టింట్లో, ఇదే మన పద్ధతి. సీమంతం కాగానే గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళిపోతాం. గుంటూరు డాక్టర్‌కు తెలిసినవన్నీ గుంటూరులోనే ఉండిపోతాయి. ముప్పై అయిదు కిలోమీటర్లే కదా అనుకోవద్దు. నొప్పులతో ఉన్న మనిషిని కారులో వేసుకుని కాజ టోల్‌గేటు, మంగళగిరి, వారధి దాటి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆ దారిలో తిరిగేవాళ్ళకు తెలుసు. పురుడు ఎక్కడో ఆరో నెలలోనే తేల్చుకుని, అక్కడి డాక్టర్లను అప్పుడే కలవండి. మా ఇంట్లో దీనికి చిన్నపాటి చర్చ జరిగింది, ఫైలు అమ్మ చేతికి ఇచ్చాక ముగిసింది.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు గదికి ఏసీ ఉందా అన్నదాని కన్నా ముందు అడగవలసింది: మత్తు డాక్టర్ ఇక్కడే ఉంటారా, పిలిస్తే వస్తారా? సూర్యారావుపేట, గవర్నర్‌పేట నర్సింగ్‌హోముల్లో చాలావాటికి మత్తు డాక్టర్లు నాలుగైదు ఆసుపత్రులు తిరుగుతూ వస్తారు. మామూలు కాన్పుకు అది సరిపోతుంది. మీకు మాత్రం మీ ఫిల్ము చూసిన మనిషే రావాలి, లేదా ఆయన రాసిపెట్టిన కాగితం చదివిన మనిషి రావాలి. రాత్రిపూట, ఆదివారం కూడా ఎపిడ్యూరల్ ఇస్తారా అని విడిగా అడగండి. "ఇస్తాం" అన్నది ఒక జవాబు, "పోయిన వారం రాత్రి ఇచ్చాం" అన్నది ఇంకో జవాబు. గుంటూరు జనరల్ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ వంటి బోధనాసుపత్రుల్లో మత్తు విభాగమే విడిగా ఉంటుంది. చిక్కు కేసు అనుకుంటే అక్కడ ఒక అభిప్రాయం తీసుకోవడం మంచిది.

ఆ సమావేశానికి ఫిల్ములు, ఆపరేషన్ నోట్సు, పరికరం కార్డు, మీరు గీసిన బొమ్మ, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్ళండి. రక్తం పలచబడే ఇంజక్షన్లు వాడుతుంటే అది మొదటే చెప్పాలి. ఎనాక్సాపారిన్ వంటిది ముందుజాగ్రత్త మోతాదులో తీసుకుంటే వెన్నులో సూది వేయడానికి కనీసం 12 గంటలు, చికిత్స మోతాదైతే 24 గంటలు ఆగాలి. అక్కడ మాట్లాడుకోవలసినవి ఇవి.

ఎపిడ్యూరల్ ఇవ్వవచ్చా? స్టిమ్యులేటర్ ఉందన్న ఒక్క కారణంతో కాదనరు. లీడ్లు లోపలికి వెళ్ళినచోటికి, మచ్చకు కిందుగా సూది వేస్తారు. భయాలు మూడు. సూది తగిలి లీడ్ తెగడమో దాని పైపూత దెబ్బతినడమో ఒకటి. లోపలున్న పరికరానికి సూక్ష్మజీవులు అంటుకోవడం రెండు. మూడోది, పాత మచ్చల వల్ల మందు సమంగా పాకక ఒక పక్క తిమ్మిరెక్కి మరో పక్క ఎక్కకపోవడం. మొదటిదానికి ఫిల్ము, బొమ్మ చాలు. అవసరమైతే వీపు మీద అల్ట్రాసౌండ్ పెట్టి కూడా సందులు లెక్కపెడతారు. వైరు ఏ పక్కకు వెళ్ళిందో తెలిస్తే సూదిని ఆ పక్కకు వాల్చరు. రెండోదానికి గట్టి శుభ్రత. యాంటీబయాటిక్ ముందే ఇస్తారా అని అడగండి. మూడోది ముందుగా చెప్పలేం, జరిగితే మందు ఎక్కే సన్నని గొట్టం కొంచెం వెనక్కి లాగి మళ్ళీ మందు ఇచ్చి చూస్తారు. నాకు ఎల్3-ఎల్4 సందులో పెట్టారు. ఎడమ తొడ మీద ఒక అరచేయంత మేర తిమ్మిరెక్కలేదు, గొట్టం జరిపాక సర్దుకుంది.

అది కుదరకపోతే ఏమిటి? పెథిడిన్, ఫెంటనిల్ వంటి ఇంజక్షన్లు ఉన్నాయి. నొప్పిని కొంతవరకే తగ్గిస్తాయి, కాన్పుకు దగ్గరలో ఇస్తే బిడ్డ మగతగా పుట్టి శ్వాసకు సాయం కావలసి రావచ్చు. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగంసగం కలిపిన వాయువు పీల్చడం మరొక దారి, అది ఆ ఆసుపత్రిలో ఉందో లేదో కనుక్కోవాలి.

సిజేరియన్ అయితే? స్టిమ్యులేటర్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయనక్కరలేదు. ఎవరైనా అలా అంటే కారణం అడగండి. ముహూర్తం చూసుకుని చేయించుకునే ఆచారం మీద నాకు మంచి అభిప్రాయం లేదు, మిషన్ దానికి మరో సాకు కాకూడదు. వేరే కారణంతో తప్పనిసరైతే మాత్రం వెన్నుసూదితో చేయడమే ఎక్కువ. వెన్నుసూది మందు వెన్నుపాము చుట్టూ ఉన్న నీటిలో కలిసి పాకుతుంది కనుక, బయటి పొరలోని మచ్చలు దానికి అంతగా అడ్డురావు. అత్యవసరమై సమయం లేకపోతే పూర్తి మత్తు ఇస్తారు. ఎపిడ్యూరల్, వెన్నుసూది, పూర్తి మత్తు, ఈ మూడు దారులూ మత్తు డాక్టర్ రాసే కాగితంలో ఉండాలి.

ఇక నా సబ్జెక్టు: కాటరీ. రక్తం ఆపడానికి సర్జన్ వాడే కరెంటు సాధనం ఇది. మోనోపోలార్ రకంలో కరెంటు కోసినచోటి నుంచి ఒంట్లోంచి ప్రయాణించి, తొడకు అంటించిన ప్లేటు గుండా బయటకు పోతుంది. ఆ దారిలో బ్యాటరీ గానీ వైరు గానీ ఉంటే పరికరం పాడవచ్చు, లీడ్ కొస వేడెక్కవచ్చు. బైపోలార్‌లో కరెంటు రెండు మొనల మధ్యే తిరుగుతుంది. అందుకని బైపోలార్ వాడమని, మోనోపోలార్ తప్పకపోతే తక్కువ శక్తితో, చిన్న చిన్న విరామాలతో, ప్లేటు బ్యాటరీకి దూరంగా పెట్టమని అడగాలి. నా బ్యాటరీ కుడి పిరుదులో ఉంది కాబట్టి ప్లేటు ఎడమ తొడకు అని రాయించాను. బ్యాటరీ పొట్ట మీద ఉన్నవారు కోత ఎక్కడ పడుతుందో, వైరు ఎక్కడ పోతోందో సర్జన్‌తోనూ చూపించి మాట్లాడాలి.

ఇదంతా ఒక పేజీలో రాయించి, మత్తు డాక్టర్ సంతకంతో మూడు నకళ్ళు తీయండి. ఒకటి ఆసుపత్రి ఫైలులో, ఒకటి మీ సంచిలో, ఒకటి ఫోనులో ఫొటోగా. 108 వాహనం దగ్గరలోని వేరే ఆసుపత్రికి తీసుకువెళ్ళినా, అక్కడి డాక్టర్ రెండు నిమిషాల్లో చదివి సూది ఎక్కడ వేయాలో తెలుసుకునేలా ఆ పేజీ ఉండాలి. నాది ఇలా మొదలైంది: "లీడ్లు ఎల్1-ఎల్2 ద్వారా ప్రవేశం, ఎల్3-ఎల్4 కన్నా పైన సూది వద్దు, వైరు కుడివైపు."

నొప్పులు మొదలైన రోజు

సంచిలో బిడ్డ బట్టలతో పాటు రిమోట్, ఛార్జర్, కార్డు పెట్టుకోండి. గర్భమంతా మిషన్ నడిపినవారు ఆసుపత్రికి చేరగానే ఆపి, ఆపామని నర్సుకు చెప్పి కేస్‌షీటులో రాయించాలి. నడుస్తూ ఉంటే ఈసీజీ గీతలో అలజడి కనిపించవచ్చు. వెన్నులో సూది వేసే ముందు ఆగి ఉందో లేదో రిమోట్‌తో మరోసారి చూడండి. రిమోట్ ఎలా వాడాలో భర్తకో అమ్మకో ముందే నేర్పండి, ఆ నొప్పుల్లో మీటలు నొక్కే ఓపిక మీకు ఉండదు. మా ఆయన పదిసార్లు నేర్చుకుని పదకొండోసారి కూడా నన్నే అడిగారు, అందుకని మా తమ్ముడికి నేర్పాను.

ఎపిడ్యూరల్ కోరుకుంటే నొప్పులు బాగా ముదిరేదాకా ఆగకండి. మీ వెన్నులో సూది వేయడానికి మామూలు కన్నా ఎక్కువ సమయం పట్టవచ్చు, అంతసేపు కదలకుండా వంగి కూర్చోవాలి.

బాలింత దినాలు

కాన్పు తర్వాత కొన్ని లక్షణాలను "బాలింత కదా, మామూలే" అని ఇంట్లో కొట్టిపారేయనివ్వకండి. జ్వరం, వీపు మీద లేదా బ్యాటరీ మీద ఎరుపు, వాపు, రసి. తగ్గకుండా పెరిగే వెన్నునొప్పి. కాళ్ళు బలహీనపడటం, తిమ్మిరి తగ్గవలసిన సమయానికి తగ్గకపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కూర్చుంటే పగిలిపోయేంత తలనొప్పి, పడుకుంటే తగ్గడం వెన్నుసూది వల్ల కావచ్చు, మత్తు డాక్టర్‌కు చెబితే చికిత్స ఉంది.

ఒళ్ళు పట్టి స్నానం చేయించే ఆమెకు బ్యాటరీ ఉన్నచోటు చేత్తో తాకించి చూపండి. అక్కడ, వెన్ను మచ్చ మీద నొక్కి రుద్దకూడదు. మా ఇంటికి వచ్చినామె ముందు నమ్మలేదు, తాకి చూశాక ఆ పక్కకే పోలేదు. పీట మీద వంగి కూర్చోబెట్టి చెంబులతో వేన్నీళ్ళు గుమ్మరించే పద్ధతి మానేసి ఎత్తైన బల్ల మీద కూర్చోండి. నడికట్టు బిగించేవారు బ్యాటరీ మీద ముడి పడకుండా చూడాలి.

మిషన్‌ను ఎప్పుడు తిరిగి నడపాలో మీ డాక్టర్ చెబుతారు. పాలివ్వడానికి అది అడ్డు కాదనే నా డాక్టర్లు అన్నారు. నొప్పిమందుల్లో ఐబుప్రోఫెన్ ఇప్పుడు వాడవచ్చు. కోడీన్, ట్రమడాల్ మాత్రం పాలిచ్చే తల్లులు వద్దని ఎఫ్‌డిఏ 2017లో హెచ్చరించింది, ఇంట్లో మిగిలిన పాత పట్టీలు తీసి పారేయండి.

తిరిగి నడిపేటప్పుడు పాత స్థాయికి ఒక్కసారిగా వెళ్ళకండి. సున్నా దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. బరువు, నడుము వంపు మారి ఉంటాయి, అదే అంకె ఇప్పుడు గట్టిగా తగలవచ్చు. మిషన్ వల్ల కాలిలో రావలసిన తిమ్మిరి పక్కటెముకల్లో వస్తున్నా, అసలేమీ తెలియకపోయినా లీడ్ జరిగి ఉండవచ్చు. గర్భం లేదు కాబట్టి ఇప్పుడు ఎక్స్‌రే తీయించి పాత ఫిల్ముతో పోల్చి చూడవచ్చు. కంపెనీ ఇంజినీరు హైదరాబాదు నుంచి వచ్చే రోజు ముందుగా ఖాయం చేసుకోండి. ఆయన మిమ్మల్ని నిలబెట్టి, పడుకోబెట్టి సర్దుబాటు చేసి ముగించబోతారు. ఆగమని చెప్పి, బిడ్డను ఒళ్ళోకి తీసుకుని పాలిచ్చే భంగిమలో కూర్చుని అప్పుడు కూడా సర్దమనండి. భంగిమ మారితే కరెంటు తగిలే తీరు మారుతుంది, రాబోయే నెలల్లో మీరు ఎక్కువసేపు ఉండేది ఆ భంగిమలోనే.